అత్తయ్యగారికి ఉబ్బెత్తు అక్షరాలు

తాడేపల్లిగూడెంలో లుబ్నా ఇంటి ముందుగది. బల్ల నిండా కత్తెర్లు, జిగురు సీసాలు, లేసు ముక్కలు. పెంటపాడు నుంచి వచ్చిన గంగాభవానిగారు అక్కడున్న మంచి కుర్చీని చీరచెంగుతో రెండుసార్లు తుడిచి మరీ కూర్చున్నారు. కూతురు పద్మప్రియ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"...అందుకని మళ్ళీ నీ గడప తొక్కాల్సొచ్చింది. లేకపోతే కాగితం ముక్కల కోసం పని మానుకుని ఎవరొస్తారమ్మా?"

"మంచినీళ్ళు తెమ్మంటారా అండీ?"

"వద్దు, సీసా తెచ్చుకున్నాం. ఇదిగో లుబ్నా, మొన్న ఓ గ్రీటింగు కార్డు చేసిచ్చావే, మా పద్మకి కాబోయే అత్తగారి పుట్టినరోజుకని... చీర అంచు ముక్కా, ఎండు వరికంకులూ అంటించి, పైన అట్టతో ఉబ్బెత్తుగా ఏవో అక్షరాలు..."

"మూడు పొరల అక్షరాలండీ. 'అత్తయ్యగారికి' అని. ఆవిడకి నచ్చలేదా?"

"నచ్చకేం? నచ్చబట్టే వచ్చింది చిక్కు."

"అమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు."

"నువ్వుండవే. ఏం లేదమ్మా, అది మా పద్మ చేసిందని చెప్పాం."

"చెప్పాం కాదు, నువ్వు చెప్పావు."

"మరి నిన్ను పొగడ్డానికి ఇంకేముందే? వంట రాదు, ముగ్గు రాదు."

"అంటే అండీ, నేను చేసింది..."

"నువ్వు చేసిందేముంది అందులో? కంకులు మా చేలోవి, అంచు నా చీరది. నువ్వు జిగురు రాశావు. జిగురు రాయడం కూడా ఒక విద్యేనా?"

"కార్డు వెనకాల నా పేరుందండీ."

"దాని మీద వెంకన్నబాబు స్టిక్కరు అంటించేశాంలే."

"మంచి పని చేశారండీ. ఇంక ఎవరూ పీకరు."

"ఎగతాళా?"

"అయ్యో, నాకంత ధైర్యమెక్కడిదండీ?"

"సరే, విను. ఆవిడ ఆదివారం మా ఇంటికొస్తానని కబురు చేసింది. ఇంకో కార్డు అమ్మాయి చేస్తుంటే పక్కన కూర్చుని చూస్తుందిట. అందుకని నువ్వు కార్డంతా చేసేసి, చివరి అక్షరం ఒక్కటి మిగల్చు. ఆవిడ ముందు మా పద్మ దాన్ని అంటించేస్తుంది."

"'ఏదీ, ఓ అక్షరం నా ముందు కొయ్యమ్మా' అని ఆవిడంటేనో అండీ?"

"వేలు తెగిందని కట్టు కడతాను."

"అమ్మా!"

"ఏంటే అమ్మా? నెలన్నరలో పెళ్ళి. లేనిపోని నిజాలు ఇప్పుడెందుకు?"

"ఆంటీ, నాకు భయంగా ఉందండీ. ఒక్క కార్డు కోసం ఇంత అబద్ధమాడామని ఆవిడకి తెలిస్తే ఇంక మా మాట ఏదైనా నమ్ముతారా? వాళ్ళబ్బాయి హేమంత్‌కి కూడా చెప్పలేదు నేను. చెబుదామంటే నోరు రావట్లేదు."

"దాని మాటలకేం గానీ, ఈసారి అక్షరాలైనా తిన్నగా కొయ్యి. పోయినసారి అంచులన్నీ ఒకే పక్కకి వాలిపోయున్నాయి."

"అవి నేను కోసినవి కావండీ. నా దగ్గర నేర్చుకునే ఒకావిడ కోశారు. ఎడంచేతి వాటం. కత్తెర అటు నడుస్తుంది, అంచూ అటే వాలుతుంది. నాకంటే అందంగా వచ్చాయని ఈ బిస్కెట్ల డబ్బాలో దాచుకుని, మీ కార్డుకి వాడాను."

"చూశావా పద్మా! ఎవరో నేర్చుకుంటూ తగలేసిన చెత్త మనకి అంటగట్టింది!"

"ఆవిణ్ణి అడక్కుండా వాడటం మటుకు నా తప్పేనండీ."

"ఆవిణ్ణి అడగడమొకటా! పనీపాటా లేక కాగితాలు కోసుకునే మనిషికి అంత మర్యాద దేనికమ్మా? ఇంట్లో కూర వండిపెట్టేవాళ్ళకి ఇలాంటి వేషాలకి తీరికుంటుందా?"

"పెద్దమనిషండీ ఆవిడ."

"ఆహాఁ. ఏమైనా ఆ అక్షరాలు బాగానే పనికొచ్చాయిలే. మా వియ్యపురాలు ఒక్కొక్కదాన్నీ వేలితో తడిమి తడిమి చూసింది. 'అక్షరాలు కూడా అమ్మాయే కోసిందా?' అని రెండుసార్లు అడిగింది."

"మీరేమన్నారండీ?"

"'ఆఁ, అన్నీ దాని చేత్తోనే, మూడు రోజులు కదలకుండా కూర్చుంది' అన్నాను. నవ్వి ఊరుకుంది. వెర్రిబాగులది, ఏం చెప్పినా నమ్ముతుంది."

"ఏ చేత్తో తడిమారండీ?"

"అదేం ప్రశ్న? ఎడంచేత్తోనే. ఆ చెయ్యే ఆవిడకి ముందొస్తుంది. నిశ్చయ తాంబూలాలనాడు పళ్ళెం కూడా ఎడంచెయ్యి చాపి అందుకోబోయింది. మావారి మొహం చూడాలి! తణుకులో అంత పెద్ద ఇల్లు ఉండి ఏం లాభం, ఆ మాత్రం తెలియకపోయాక?"

"తణుకా అండీ? ఆవిడ పేరు..."

"సుబ్బలక్ష్మి. నీకెందుకు? అదేంటి, మాట్లాడుతుంటే గడియారం కేసి చూస్తావు?"

"ఇవాళ బుధవారం కదండీ."

"అయితే?"

"ఏవండీ, ఆ కుర్చీలోంచి కాస్త లేస్తారా? అది సుబ్బలక్ష్మిగారిది. బుధవారం బుధవారం తణుకు బస్సు దిగి, సరిగ్గా పదకొండింటికి అందులో కూర్చుని ఎడంచేత్తో అక్షరాలు కోసేది ఆవిడే."