కళింగం గెలిచిన ట్రైనింగు

వైశాలి నగర్ మలుపులో పోలమ్మ టీ బడ్డీ దగ్గర సాయంత్రం ఐదయ్యేసరికి దక్షిణామూర్తి మేష్టారు బెంచీ మధ్యలో చేరతారు. ముప్ఫయ్యేళ్లుగా హిస్టరీ చెప్తున్న మనిషి కనక సర్దుకోవడం పక్కవాళ్ల పని. ఆ రోజు ఆయన ఒళ్లో ఒక పసుపు హెల్మెట్, దాని మీద ఒక ఫైలు. బెంచీకి ఆ చివర స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటర్ శంకరరావు. ఈ చివర కల్యాణి, మేష్టారి స్కూల్లోనే మూడేళ్ల కిందట చేరిన హిస్టరీ టీచరు.

కల్యాణి చేతిలో టీ చల్లారిపోతోంది. మే నెలలో హిస్టరీ టీచర్లకి పది రోజుల ట్రైనింగు పెట్టారు. అది బాగుందో లేదో చూసి చెప్పమని మేష్టారికి అప్పజెప్పారు. ఆయన రాసిన దాన్నిబట్టి అక్టోబరులో మళ్లీ పెడతారు, లేదా ఎత్తేస్తారు. రేపు పొద్దున్నే ఆఫీసులో ఇవ్వాలి. అక్టోబరులో చుట్టుపక్కల జాముల్ నుంచి, ఉతై నుంచి వచ్చే నలభైమంది టీచర్లకి పాఠం చెప్పమని కల్యాణిని అడిగి ఉన్నారు. పెద్దవాళ్లు పిలిచి ఆమెకి ఒక పని అప్పజెప్పడం అదే మొదలు.

"సర్, ఏం రాశారు?" అంది.

"చెప్తానమ్మా. అలా మధ్యలోంచి వింటే అర్థం కాదు. పోలమ్మా, ఇంకో టీ పట్రా, అల్లం దంచి వెయ్యి. ఏటయిందంటే, అసలు ముగ్గుర్ని వేసారు. ఒకాయనకి షుగరు, ఇంకొకాయన ఇంట్లో పెళ్లి. ఇంక మిగిలిందెవరు? నేను. ఎండ ఎలాగుందనుకున్నారు, చెప్పులు తారుకి అంటుకుపోతన్నాయి. వెళ్లీసరికి ట్రైనింగు బిల్డింగు కింద హాల్లో జనం కూర్చునున్నారు, కూలర్ తిరుగుతంది. ఆఖరి వరసలో కూర్చున్నాను. పరీక్షించడానికి వెళ్లినోడు వెనకాలే కూర్చోవాల, అది పద్ధతి. పాఠం చెప్పేవాడు రాయ్‌పూర్ నుంచొచ్చిన కుర్రాడు. ఏటి చెప్పాడో తెలుసా? పొద్దుటి నుంచి ప్రమాదాలే! ఎవడో పడ్డాడు, ఎవడికో తల పగిలింది. ఒక్క రాజు లేడు, ఒక్క రాణి లేదు. గోడకి పుర్రె బొమ్మొకటి అంటించాడు. యుద్ధం పాఠం కాబోలనుకున్నాను."

శంకరరావు గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపాడు. "పుర్రె కింద అడ్డంగా రెండు ఎముకలున్నాయేటండి మేష్టారూ?"

"ఉన్నాయి. నీకెలా తెలుసు?"

"ఊరికినే అడిగానండి. చెప్పండి చెప్పండి."

"అప్పుడు నేను లేచాను. ఒకే ఒక్క ప్రశ్న వేసాను. బాబూ, కళింగ యుద్ధంలో కళింగం ఎందుకు ఓడిపోయింది? అంతే! కుర్రాడు కూజాడు నీళ్లు గటగటా తాగీసాడు. తాగి, సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టీసి, మీరే చెప్పండి గురూజీ అని నేల మీద కూర్చుండిపోయాడు. మనం శ్రీకాకుళం వాళ్లం కదా, కళింగం అంటే మన ఇంటి సంగతి. బోర్డు మీద మ్యాపు మొదలెట్టాను. బోర్డు చాల్లేదు, గోడ మీదికెళ్లాను. గోడ చాల్లేదు, గుమ్మం దాటి రోడ్డు మీదికెళ్లాను. నదులన్నీ గియ్యాల కదా, వంశధార ఒక్కటే రెండు కిలోమీటర్లు వచ్చింది. గీసుకుంటా గీసుకుంటా తలెత్తి చూద్దును కదా, జాముల్! సుద్దలయిపోతే సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు లారీడు సున్నం పంపించారు."

"మోకాళ్లు పట్టీసాయని మొన్ననే గదా బాబూ, మా ఆయన సేత తైలం తెప్పించుకున్నారు?" అంది పోలమ్మ, గ్లాసు అందిస్తూ.

"అలా నడిస్తే పట్టవా మరి? వినవే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? యుద్ధంలోకి దిగాను. నేను ఏనుగు అన్నానంటే ఘీంకారం వినబడాల. వినబడింది. ప్లాంటులో వాళ్లు సైరను అనుకున్నారు. షిఫ్టు వదిలీసారనుకొని ఏడు వేల మంది సైకిళ్లేసుకొని వచ్చీసారు. మలయాళీలు, బెంగాలీలు, బిహారీలు, ఛత్తీస్‌గఢీలు, ఒక్కడు తప్పకుండా కళింగం వైపే నిలబడ్డారు. అటు చక్రవర్తి సైన్యం చూసింది. ఒక అడుగు వెనక్కేసింది. నేను ఇంకో వాక్యం చెప్పాను. ఇంకో అడుగు. సాయంత్రం నాలుగున్నరయీసరికి కళింగం గెలిచీసింది."

"గెలిచిందా?" అంది కల్యాణి.

"గెలిచీసింది."

"అరే సర్, పుస్తకంలో ఓడిపోయిందనే ఉంది కదా!"

"అది పాత ప్రింటమ్మా. ఆ సాయంత్రమే ఢిల్లీ నుంచి ఫోను. మేష్టారూ, పిల్లలకి పుస్తకాలు పంచీసాం, ఇప్పుడు మార్చలేం, దయచేసి కళింగాన్ని మళ్లీ ఓడించీండి అని ఒకటే ఏడుపు. నేను కుదర్దన్నాను. మంత్రుల చేత చెప్పించారు. కుదర్దన్నాను. చివరికి పిల్లల మొహం చూసి మెత్తబడ్డాను. మర్నాడు పావుతక్కువ పదికి, గుండె రాయి చేసుకొని, ఓడించీసాను. ఆ త్యాగానికి సన్మానంగా విమానంలో పంపించిందే ఇది." మేష్టారు హెల్మెట్ మీద ఆప్యాయంగా తట్టారు. నెలన్నరగా ఆ హెల్మెట్ లేకుండా ఆయన లూనా ఎక్కింది లేదు.

"మరి రిపోర్టు?"

"ఆ, రిపోర్టు. రెండు ముక్కల్లో తేల్చీసాను. వచ్చినోళ్లు బూట్లేసుకొని బాగానే వచ్చారు గానీ బుర్రలు తేలేదు. పాఠంలో సరుకు లేదు. ఈ ట్రైనింగు బంద్ చెయ్యాల. కింద సంతకం."

కల్యాణికి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆ పది రోజుల్లో నేర్చుకున్నదాంతో ఆమె తొమ్మిదో క్లాసు పిల్లల చేత వాళ్ల వీధి చరిత్ర రాయించింది. ఎవరి తాత ఏ ఊరి నుంచి ఏ రైల్లో వచ్చి ఇక్కడ దిగాడో, మొదటి నెల ఎక్కడ వండుకున్నాడో ముప్ఫైరెండు నోటు పుస్తకాల్లో ఉంది. ఇప్పుడు వాటి నెత్తిన బంద్ అని సంతకం. అయినా గొంతు పెంచలేదు.

"సర్, మాకు మొదటి రోజే మూడు ప్రశ్నలు నేర్పారు. రాజు చెప్పినా, పుస్తకం చెప్పినా అడగాలట. ఎవరు చూశారు? ఎక్కడ రాసి ఉంది? వస్తువేమైనా మిగిలిందా? మిమ్మల్ని అడగొచ్చా?"

"నిక్షేపంలా అడుగు."

"ఎవరు చూశారు?"

"ఏడు వేల మంది!"

"ఒక్కరు చాలు సర్."

శంకరరావు క్లాసులో పిల్లాడిలా చెయ్యెత్తాడు. "నేను చూసానండి."

మేష్టారి మొహం వెలిగిపోయింది. "చూసావా! చెప్పు, చెప్పు, ఘీంకారం విన్నావు కదా?"

"గురక విన్నానండి. మీ పక్క కుర్చీ నాదే. అది మా క్రేన్ వాళ్ల సేఫ్టీ క్లాసు మేష్టారూ. మూడు రోజులు జరిగింది. మీరు వచ్చి కూలరుకి ఎదురుగా కూర్చున్నారు, పదింటికి పడుకున్నారు, టీ వస్తే లేచారు. మూడు రోజులూ అదే టైము. ఎవరో పెద్ద ఆఫీసరు కాబోలని మేం లేపలేదు."

"ఎక్కడ రాసి ఉంది?" అంది కల్యాణి.

"రిజిస్టరులో ఉందండి. నా సంతకం కింద మేష్టారి సంతకం. బాగా గుండ్రంగా పెడతారు."

కల్యాణి మేష్టారి ఒళ్లోంచి హెల్మెట్ తీసుకుని తిరగేసింది. లోపల తెల్ల పెయింటుతో రాసున్న పేరు పైకి చదివింది. "శంకరరావు. క్రేన్ సెక్షన్."

"ఆఖరి రోజు అందరూ పెట్టుకుని చూపించమన్నారండి. పెద్దాయన తల ఖాళీగా ఉంది కదాని నాది పెట్టాను. మళ్లీ ఇవ్వలేదు. స్టోర్సు వాళ్లు రోజూ అడుగుతన్నారు, మిమ్మల్ని అడగలేక నేనే తిట్లు తింటన్నాను."

పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "బాబూ, మరా ఇమానం?" అంది, ఆగలేక.

మేష్టారు ఫైల్లోంచి కాగితం తీసి రెండు ముక్కలు చేశారు, రెంటినీ నాలుగు చేశారు.

"రేపు ఆఫీసులో ఏటి రాసివ్వమంటావమ్మా?"

"చూడలేదని రాయండి సర్. అక్టోబరులో వచ్చి చూసి, అప్పుడు రాయండి. బాగా లేకపోతే బాగా లేదనే రాయండి."

మేష్టారు తలూపారు. శంకరరావు హెల్మెట్ చంకలో పెట్టుకుని లేచాడు. అతను రోడ్డు దాటేదాకా ఆగి, మేష్టారు కల్యాణి వైపు జరిగి మెల్లిగా అడిగారు.

"ఇంతకీ మీ ట్రైనింగు ఎక్కడ జరిగిందమ్మా?"

"ఆ బిల్డింగులోనే సర్, పై అంతస్తులో," అంది కల్యాణి. "అక్కడ కూలర్ లేదు."