ఆఖర్న రావాల్సిన మాట

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో ఒక వంటింటి బల్ల. పక్షవాతంతో మాట సగం పోయిన భర్త ఒకవైపు, సాస్ సీసా ఒళ్ళో దాచుకున్న భార్య ఇంకోవైపు.

"ఇవ్వు... నాకు..."

"ఊఁ. ఏమివ్వాలి?"

"ఇవ్వు నాకు!"

"అరవకు క్లిఫర్డ్. ఇవ్వమన్నావు, నీకేనన్నావు, బాగానే ఉంది. మన ఇంగ్లీషులో కావలసిన వస్తువు ఆఖర్న వస్తుంది. దాని పేరు కూడా చెప్పు, ఇచ్చేస్తాను."

"నీకు... తెలుసు!"

"తెలియకేం? పెళ్ళయినప్పట్నుంచీ నువ్వు సగం చెప్తే మిగతా సగం నేనే పూర్తి చేశాను. ఇక చెయ్యను. మాటలు నేర్పే అమ్మాయి కూడా నన్ను నోరు కట్టేసుకోమంది."

"నువ్వా... నోరా!"

"చూశావా, వెటకారానికి మాత్రం తడుముకోవు. కానియ్, అడుగు."

"ఇవ్వు నాకు... సా... సాస్!"

"ఇదిగో! వస్తుందని నేను చెప్పలా? పోసుకో చిప్స్ మీద. రేపు ఉప్పు అడుగుదువుగాని."

"ఆగు. పెడతా..."

"ఏం పెడతావు, వాతలా?"

"పెడతా... నీకు..."

"నాకా?"

ఆమెకు ఆ మాట ఏమిటో తెలిసిపోయింది. అయినా పెదవులు బిగించుకుని కూర్చుంది.

"పెడతా నీకు... టీ."

"పెట్టు మరి. కెటిల్ ఎడంచేత్తో పట్టుకో. నాది పంచదార లేకుండా. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పెట్టలేదుగా, నీకెలా తెలుస్తుంది?"