ఉత్త డబ్బా ఇయ్యరాదు

జనగామ, 1983, చలికాలం. సోషల్ సారు లక్ష్మీకాంత్ ఇంటి వరండాలో, బ్యాంకులో పనిచేసే శ్రీపాల్ నెమలి బొమ్మ ఉన్న ఒక పాత చాయపత్తి డబ్బాను భూతద్దం పెట్టి చూస్తున్నాడు.

“మూత తియ్యకుంటె దీని వయసెట్ల తెలుస్తది సార్?”

“మూత రాదు శ్రీపాల్.”

“జర నేను గుంజి చూస్త—”

“రాదంటున్న గద. బలవంతం చేస్తె నెమలి తోక గీసుకపోతది.”

“అది నిజమే. తోక మీద గీత పడితె దీని ఇజ్జత్ పోతది. చూడుండ్రి, రంగు రేకు మీదనే అచ్చేసిండ్రు. కాయితం అంటువెట్టింది కాదు. నెమలి ఛాప్ డబ్బాలు నా దగ్గర చానా ఉన్నయి గని, ఎడమదిక్కు మెడ తిప్పిన నెమలి ఒక్కటి లేదు. హన్మకొండల దొరకలే, హైదరాబాదు జుమేరాత్ బజార్ల దొరకలే.”

“దొరికితె కొనుక్కుందువు తియ్యి.”

“దొరికింది గద. మీరిస్తరా?”

“నాదైతె కద ఇచ్చేది. అది పక్కింటి భూదేవక్కది.”

“మొన్న వస్తె డబ్బా కనిపిస్తలేదన్నరు. నిన్న వస్తె అటక మీద ఉంది, నిచ్చెన లేదన్నరు. ఇయ్యాల పక్కింటోళ్లదంటున్నరు.”

“నిచ్చెన దొరికింది.”

“ఊపితె గలగలమంటుంది సార్, లోపల ఏమన్న—”

“ఊపకు.”

“కాదు, బరువు చూద్దమని—”

“ఊపకు శ్రీపాల్. కింద పెట్టు.”

“పెట్టిన సార్. పెట్టిన. భూదేవమ్మదైతె ఆమెనే అడుగుత. అమ్మా, భూదేవమ్మా, జర ఇటొస్తరా?”

“ఆమెనెందుకు పిలుస్తవ్, ఆమెకు పనుంటది—”

“ఏం పని లేదు సారూ, వస్తున్న. ఏంది నాయినా, డబ్బాకు పెండ్లిచూపులా? అద్దం పెట్టి మరీ చూస్తున్నవ్. నడిపిచ్చి చూస్తవా, పాట పాడమంటవా?”

“వయసు చూస్తున్నమ్మా. ఇది మీదేనట గద.”

“నాదా? ఎవలన్నరు?”

“సారే అన్నరు.”

“సారూ, ఇది నాదా?”

“నీదే గద భూదేవక్కా. మీ మామ దుకాణంలది. పోలీస్ యాక్షన్ కంటె ముందటిది.”

“మంచిగ చెప్తున్నవ్. ఇది అరుంధతిది నాయినా, సారు ఇంటామెది. మొన్న వానకాలంల పోయింది గద, ఆమెది. అరవై తొమ్మిదిల తెలంగాణ గడబిడకు బడులన్ని బందువడె. సారు పొద్దంత ఇంట్ల కూసోని ఆమె వండిన దాంట్లల్ల వంకలు పెట్టుడు వెట్టిండు. ఆమెకు యాష్టకొచ్చి, చేసిన మురుకులన్ని ఈ డబ్బాల పోసి నాకు పంపింది.”

“నేనేం వంకలు పెట్టలే.”

“ఉప్పెక్కువైందంటివి.”

“ఎక్కువైంది మరి.”

“చూస్తున్నవా నాయినా? సరే, డబ్బా నా ఇంటికొచ్చె. ఉత్త డబ్బా ఎట్ల తిరిగియ్యాలె? పల్లి పట్టీలు వేసి ఇచ్చిన. వాటిని తిని ఆమె ఊకున్నదా, సకినాలు వేసి పంపింది. నేను ఉత్తగ ఇస్తనా? అట్ల తిరుగుతనే ఉంది. దీనికి బస్సు పాసు తీసుకోండ్రి అనెటోడు మా ఇంటాయన.”

“మరి ఇప్పుడిది ఎవలదమ్మా?”

“సారుది.”

“భూదేవక్కది.”

“ఇద్దరు జర ఆగుండ్రి. అమ్మెటోడు ఎవలన్న నాదంటడు గని, నీదంటె నీదని కొట్లాడెటోళ్లను ఇప్పుడే చూస్తున్న. నేను తేలుస్త. సార్, అడుగున ధర రాసుంది, చదువుండ్రి.”

“అద్దాలు లేవు.”

“మీ ముక్కు మీదనే ఉన్నయి.”

“మూడు రూపాయల యాభై... నయా పైసలు.”

“నయా పైసలు ఎన్నడొచ్చినయి సార్?”

“చాన్నాళ్లయింది.”

“మీరు సోషల్ చెప్తరు సార్.”

“యాభై ఏడుల.”

“‘నయా’ అనుడు ఎన్నడు బంద్ చేసిండ్రు?”

“అరవై నాలుగుల.”

“అమ్మా, మీ మామ దుకాణం ఎన్నటిదాక ఉండె?”

“నలభై ఎనిమిదిల, పోలీస్ యాక్షన్ కాన్నే మూతవడె. అటెనుక ఆయన సుట్టలు దప్ప ఏం కొనలే.”

“మీ పెండ్లెప్పుడైంది సార్?”

“అరవై రెండుల.”

“ఇగ నేను చెప్పేదేముంది? డబ్బా మీ ఇంటిదే.”

“మా మనుమడు ఒక్క తారీఖు తప్పు రాస్తె మా వాకిట్లకొచ్చి చెప్పిపోతివి. ఇప్పుడు నిన్నెవలు బెంచి ఎక్కియ్యాలె సారూ?”

“పొరపాటైంది అక్కా.”

“నీకు పొరపాటా?”

“మీదే అని తేలింది గద, మూత తీద్దాం సార్. అమ్ముడు అమ్మకపోవుడు మీ ఇష్టం. లోపలి అంచు చూస్తె ఏ ఏడుదో కూడ చెప్త.”

“మూత రాదని చెప్పిన.”

“రాకపోవుడేంది? నేనెన్నిసార్లు తీసిన. ఇటియ్యి సారూ.”

“అక్కా, వద్దు.”

“ఇగో, వేలు పెట్టంగనే కదుల్తుంది. అవ్వో, గలగలమంటుంది. దీంట్ల ఏమున్నయి సారూ?”

“సల్ల మిరపకాయలు.”

“ఎవలు చేసినయి?”

“ఎండకాలంల ఎండవెట్టినయి.”

“ఎవలు చేసిండ్రని అడుగుతున్న.”

“నీకనే చేసింది అక్కా. దవాఖానకు పోయే పొద్దుగాల, భూదేవక్కకు ఇచ్చి రాండ్రి అన్నది. వచ్చినంక నువ్వే ఇద్దువు గని అన్న నేను.”

“అప్పటిసంది పెట్టుకోని కూసున్నవా? ఒక్కటన్న తిన్నవా?”

“నీవి గద. నేనెట్ల తింట?”

“సార్, నేను ఇంకోనాడొస్త—”

“కూసో నాయినా, నీతోని పనుంది. డబ్బా సారుది, లోపలివి నావి. గంతేనా?”

“గంతేనమ్మా.”

“ఇగో, నా కొంగుల పోసుకుంటున్న. ఒక్కటి మిగల్లే. నాయినా, ఆ అంచేందో జల్ది చూసుకో. ఈ డబ్బా ఉత్తగుండేది గింతసేపే.”

“చూస్తున్నమ్మా. అరవై ఒకటి... కాదు, అరవై రెండు. అరవై రెండే సార్.”

“ఆమె పంపింది నాకు ముట్టింది సారూ. ఇగ డబ్బా తిరిగియ్యాలె. ఉత్తది ఇచ్చే అలవాటు మాకు లేదు. ఇగో, నా కొంగులయి నేను పోస్తున్న. ఇప్పుడు ఇవి నేను నీకు పంపినయి. తింటవా, వంకలు పెడ్తవా?”

“తింట అక్కా.”

“అయ్యో, నూనెల ఏంచకుంటనే తింటున్నవా? సారూ. సారూ, ఎట్లున్నది?”

“ఉప్పెక్కువైంది అక్కా.”