రంగు తుడిచింది నేనే

మా తాత స్తెఫను మొహాన్ని పట్టుకుపోయి, దానికి ఇంకొకరి పేరు తగిలించి, హైదరాబాదులో టిక్కెట్టు పెట్టి చూపిస్తున్న మనిషి పేరు సతీష్‌బాబు. ‘తారాలోకం’ అనే మైనపు బొమ్మల ప్రదర్శనశాల యజమాని. తప్పు ఎవరిదో మొదటి వాక్యంలోనే ఉండాలని ఇలా మొదలుపెట్టాను. నన్ను పిలిపించిన కాగితంలో నిందితురాలని నా పేరు ఉంది, ఫిర్యాదుదారని అతని పేరు ఉంది. రెండు పేర్లూ తారుమారయ్యాయి.

నా పేరు జాయిస్. వయసు ఇరవై రెండు. తండ్రి కృపారావు, లారీ డ్రైవరు. ఊరు జగ్గయ్యపేట. అక్కడే ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటరు మీద అక్షరాలు కొట్టే పని. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, సంఘాల కరపత్రాలు కొడతాను. కరపత్రాలు మాత్రం కొట్టాక మళ్ళీ కూర్చుని చదువుతాను. ఎస్సైగారు నన్ను చూసి, “ఈ పిల్లకి ఎవరో బాగా నూరిపోశారు,” అన్నారు. ఎవరూ నూరిపోయలేదు. అచ్చుతప్పులు దిద్దుతూ దిద్దుతూ నేనే నేర్చుకున్నాను.

హైదరాబాదు పోలీసులు నందిగామకు రమ్మని పంపిన కాగితం మీద ఈ రోజు ఉదయం పది గంటలకు నందిగామ పోలీసుస్టేషనుకు వచ్చాను. తాత నాతోపాటు వచ్చాడు. హెడ్ కానిస్టేబుల్ నూర్ మహమ్మద్‌గారు నా వాంగ్మూలం రాయడానికి కూర్చుని, నేను నోరు తెరవకముందే “తెలిసీ తెలియక చేసితిని” అని రాశారు. ఆ కాగితం మీద చెయ్యి పెట్టి ఆపాను.

“తెలిసే చేశానండి,” అన్నాను.

“అట్లా అంటే నీకే ఇబ్బందమ్మా. ఇది అందరికీ రాసే మాటే.”

“అందరూ రాయించుకున్నారేమో. నేను రాయించుకోను.”

ఆయన పెన్ను నా వైపు తోశారు. “అయితే నువ్వే రాసుకో తల్లీ. నా చెయ్యీ గుంజుతా ఉంది.” టీ కూడా చెప్పారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. కాబట్టి ఇది నా రాత, నా మాట.

మా తాత పద్యనాటకాల్లో కృష్ణుడు. చందర్లపాడు, కంచికచర్ల, పరిటాల, అటు మధిర దాకా ఆడాడు. ఆదివారం చర్చికి పోయే మనిషి శనివారం కిరీటం ఎట్లా పెట్టుకుంటాడని ఎస్సైగారు అడిగారు. పరిటాలలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. హారతి పళ్ళెం పట్టుకుని స్టేజీ మెట్లెక్కిన ఆడవాళ్ళు అడగలేదు. వన్స్‌మోర్ అని ఈలలేసిన వాళ్ళూ అడగలేదు. పద్యం ఎత్తితే చివర కూర్చున్న వాడికి వినపడాలి, అంతే వాళ్ళకు కావలసింది. తర్వాత గొంతు పోయింది. ఆడటం మానేశాడు. ఇప్పుడు మాట కూడా గాలిలాగా వస్తుంది.

వాళ్ళ నాటక సమాజంలో ఒక పద్ధతి ఉంది. ఈ కేసంతా దాని మీదే నిలబడి ఉంది కాబట్టి నిదానంగా రాస్తున్నాను. మొహానికి రంగు పడిన తర్వాత ఆ మనిషిని సొంత పేరుతో ఎవరూ పిలవకూడదు. తనూ తన పేరు చెప్పుకోకూడదు. ఎవరడిగినా వేషం పేరే చెప్పాలి. నాటకం అయ్యి తెల్లవారాక, ఇంటిమనిషి ఒకరు కొబ్బరినూనెతో రంగు తుడిచి పేరు పెట్టి పిలవాలి. అప్పుడు “వస్తున్నా” అని లేచి ఇంటికి వస్తాడు. పిలవకపోతే లేవడు. మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఆవిడే పిలిచేది. మొగుడి పేరు ఆవిడ నోటితో పలికేది ఆ ఒక్క పూటే. ఆవిడ పోయాక ఆ పని నాకు వచ్చింది. నూనె, గుడ్డ, పిలుపు. “స్తెఫనూ, తెల్లారింది, ఇంటికి పోదాం రా.” ఇవే మాటలు. తాతను పేరు పెట్టి పిలిచే హక్కు నాకు ఇంకెక్కడా లేదు, అక్కడ ఉంది.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో సతీష్‌బాబు ఇద్దరు పనివాళ్ళను వెంటేసుకుని కారులో మా ఇంటికి వచ్చాడు. రంగస్థలం పెద్దల మొహాలు ముందు తరాల కోసం భద్రపరుస్తున్నామన్నాడు. తాత ఆ మాటకు పడిపోయాడు. వరండాలో కూర్చోబెట్టి, మొహానికి నూనె రాసి, ముక్కుల్లో గొట్టాలు పెట్టి, తెల్లటి ముద్ద పూసి అచ్చు తీశారు. అది ఆరేదాకా తాత కదల్లేదు. తర్వాత వేషంలో ఫొటోలు కావాలన్నారు. తాత వేషం పెట్టె దించాడు. ఏళ్ళ తర్వాత నీలం కలిపాడు. నేను అద్దం పట్టుకున్నాను. కిరీటం పెట్టుకుని వరండాలోకి వచ్చేసరికి వీధి వీధంతా మా ఇంటి ముందే ఉంది.

ఫొటోలయ్యాక సతీష్‌బాబు ఫోను తీసి, “పెద్దాయనా, మీ పూర్తి పేరు చెప్పండి, రాసుకుంటా,” అన్నాడు.

తాత మురళి తిప్పుతూ నవ్వాడు. “కృష్ణుడు.”

“అది కాదండీ. మీ పేరు.”

“రంగులో ఉన్నా గదా బాబూ. తీసాక చెబుతా.”

వీధిలో వాళ్ళు నవ్వారు. అతను నా వైపు తిరిగి, “నువ్వన్నా చెప్పమ్మా,” అన్నాడు.

“కాసేపు కూర్చోండి సార్. నూనె తెస్తున్నా,” అన్నాను.

“మాకు అంత టైము లేదమ్మా. ఫోన్ చేసి కనుక్కుంటాంలే.”

నేను నూనె సీసాతో బయటికి వచ్చేసరికి కారు మలుపు తిరుగుతోంది. ఫోను రాలేదు. తాత మాత్రం కొన్నాళ్ళ పాటు ఫోను మోగితే చాలు, “వాళ్ళేమో చూడవే,” అనేవాడు.

గత నెలలో నా స్నేహితురాలు లహరి ఫొటో పంపింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది, ఆఫీసువాళ్ళతో తారాలోకం చూడటానికి వెళ్ళిందట. కింద రాసింది: “ఒసే, ఈ బొమ్మ అచ్చం మీ తాతలా లేదూ?” కృష్ణుడి వేషంలో మైనపు బొమ్మ. కింద పలక మీద ‘నటభూషణ వరప్రసాదరావు, శ్రీకృష్ణ పాత్రలో’ అని ఉంది. ఆయన పోయిన సినిమా నటుడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఈ పనిలో ఆయన చెయ్యి లేదు. కానీ ఆయనది గుండ్రటి మొహం, ఎవరినడిగినా చెబుతారు. ఇది మా తాత కోల మొహం. చేతిలో మురళి పట్టుకున్న తీరు కూడా మా వరండాలో తీసిన ఫొటోలోదే.

మొన్న శనివారం పొద్దున బస్సెక్కి తాతను తీసుకుని హైదరాబాదు వెళ్ళాను. పదకొండున్నరకు లోపలికి పోయాము. క్రికెటరు ఒకడు బ్యాటు ఎత్తి ఉన్నాడు. హీరోయిన్ల పక్కన జనం భుజాల మీద చేతులేసి ఫొటోలు దిగుతున్నారు. తాత ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగి మొహాలు చూస్తూ, “వీళ్ళందరికీ రంగు ఎవరు తీస్తారే?” అని అడిగాడు.

కృష్ణుడి బొమ్మ పక్కగదిలో, తాడు కట్టిన అరుగు మీద ఉంది. తాత తాడు దగ్గర నిలబడ్డాడు. ఆ మొహాన్ని రంగులో నేను ఎన్నిసార్లు చూశానో, రంగు లేకుండా అన్నిసార్లూ చూశాను. అనుమానమన్న మాటే లేదు.

“రెండేళ్ళయింది పిల్లా,” అన్నాడు తాత. “ఇంకా రంగులోనే ఉన్నాడు. పిలిచేవాళ్ళే లేరు.”

కోప్పడ్డాడనుకుంటారేమో. కోప్పడలేదు. తప్పిపోయిన పిల్లాడి గురించి అడిగినట్టు అన్నాడు.

సతీష్‌బాబును చూడాలని గార్డుకు చెప్పాను. వచ్చాడు. తాత చేతులు జోడించి, “బాబూ, మా ఇంటికి వచ్చారు గదా, జగ్గయ్యపేట,” అన్నాడు.

“చాలా ఊళ్ళు తిరిగాం తాతగారూ.”

“ఆ మొహం నాది బాబూ.”

“మొహం ఎవరిదైతే ఏంటండీ? జనం వచ్చేది పేరు చూసి. మీ పేరు పెడితే ఎవరొస్తారు?” తర్వాత నా వైపు తిరిగాడు. “అయినా ఆ రోజు అడిగాం గదమ్మా! ఈయనే చెప్పలేదు. కృష్ణుడన్నాడు. కృష్ణుడనే పెట్టాం.”

అతని పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు. మా వీధిలో వాళ్ళూ ఆ రోజు నవ్వారు. ఆ నవ్వు వేరు, ఈ నవ్వు వేరు.

“అయితే ఇప్పుడు అడగండి,” అన్నాను. “ఇప్పుడు రంగులో లేడు. మీ ముందే ఉన్నాడు. పేరేంటని అడగండి!”

అతను ఫోను చూసుకుంటూ, “తర్వాత చూద్దాంలేమ్మా,” అని వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే ఈ కేసే లేదు. ఒక్క ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి రెండేళ్ళ కిందట టైము లేదు, మొన్న మనసు లేదు. మా ప్రెస్సులో అచ్చయిన ఒక కరపత్రంలో ‘శ్రమ ఒకడిది, పేరు ఒకడిది’ అని ఉండేది. అది కొట్టిన రోజు ఏదో నినాదం అనుకున్నాను. ఆ గదిలో నిలబడి ఉంటే అది మా ఇంటి సంగతి అని తెలిసింది.

తాతను అక్కడే ఉండమని చెప్పి బయటికి వెళ్ళాను. ఎదురుగా ఉన్న కిరాణాకొట్టులో కొబ్బరినూనె సీసా కొన్నాను. మళ్ళీ టిక్కెట్టు తీసుకుని లోపలికి వచ్చాను. దొంగతనంగా దూరలేదు. తాడు దాటాను, అరుగెక్కాను, చున్నీ కొంగు నూనెలో ముంచి మైనపు మొహం మీద రంగు తుడిచాను. నుదురు, బుగ్గలు, ముక్కు పక్కలు, ఇంటి దగ్గర ఎలా తుడుస్తానో అలాగే, పైనుంచి కిందికి. గోరు తగలకుండా తుడిచాను. గడ్డం దగ్గరికి వచ్చేసరికి కుట్ల మచ్చ బయటపడింది. కంచికచర్లలో ఆడుతుండగా స్టేజీ పలక విరిగి పడ్డప్పుడు వేసిన కుట్లు అవి. అచ్చు తీసినప్పుడు మైనంలోకి వచ్చింది, పైన నీలం పూస్తే కనపడకుండా పోయింది. ఆ బొమ్మ వరప్రసాదరావుగారిదైతే ఆయన గడ్డానికి మా తాత కుట్లు ఎలా వచ్చాయో సతీష్‌బాబు చెప్పాలి.

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట. గార్డు, “ఏయ్, దిగు, దిగు!” అని అరుస్తున్నాడు. నేను పిలిచాను.

“స్తెఫనూ, తెల్లారింది, ఇంటికి పోదాం రా.”

“వస్తున్నా,” అన్నాడు తాత, తాడు అవతల నుంచి.

గొంతు పోయిన మనిషి అండి. ఆ మాట పక్కగదికి వినపడింది. క్రికెటరు దగ్గర ఫొటోలు దిగుతున్న వాళ్ళు ఇటు వచ్చారు. ఒకావిడ బొమ్మ మొహం చూసి, తాత మొహం చూసి, “అమ్మో, ఈయనే గదా ఆయన!” అంది. తర్వాత గార్డులు నా రెక్క పట్టుకుని కిందికి లాగారు. తాత పేరును ఆ గదిలో మొదటిసారి అడిగింది ఆవిడే. “మీ పేరేంటి తాతగారూ?” అని. తాత చెప్పాడు.

ఇప్పుడు నా మీద పెట్టిన ఫిర్యాదు సంగతి. వస్తువు పాడుచేసిందని ఒకటి. పాడు చేయలేదు, తుడిచాను. విరగ్గొట్టలేదు, గీరలేదు. దేవుడి మొహం చెరిపి భక్తుల మనసు నొప్పించిందని రెండోది. చెరిపింది దేవుడి మొహం కాదు, మా తాత మొహం మీది రంగు. రంగు తీయడం దేవుడికి అవమానమైతే మా వైపు ఆడిన ప్రతి నాటకమూ తెల్లవారేసరికి నేరమే, మా నాయనమ్మ జీవితమంతా నేరస్థురాలే. మా ఇంటి మతం చూసి ఈ రెండోది కలిపారని నాకు తెలుసు. ఆ మతం మనిషి నోట పద్యం విని హారతులిచ్చిన ఊళ్ళు ఇక్కడే ఉన్నాయి, పిలిచి అడగండి.

ఎస్సైగారు ఒక మాట చెప్పారు, మంచికే చెప్పారు. క్షమాపణ రాసిస్తే సతీష్‌బాబు కేసు వెనక్కి తీసుకుంటాడట. బెంచీ మీద కూర్చున్న తాతను అడిగాను. “క్షమించమని రాయమంటున్నారు తాతా.”

“తప్పు చేశావా?”

“లేదు.”

“అయితే టీ చల్లారకముందే తాగు.”

కాబట్టి క్షమాపణ లేదు. ఆ పలక మీద ‘స్తెఫను, పద్యనాటక కళాకారుడు, జగ్గయ్యపేట’ అని ఉండాలి. ఇంతకన్నా నేనేమీ అడగడం లేదు, ఇంతకన్నా తక్కువకు ఒప్పుకోను. నీలం అంటిన చున్నీ ఈ కాగితంతోపాటు అప్పగిస్తున్నాను. ఉతకలేదు.

పై మాటలన్నీ నా చేత్తో నేనే రాసి, ఎస్సైగారికి గట్టిగా చదివి వినిపించాను. జరిగింది జరిగినట్టు ఉంది. దిద్దాల్సిన అక్షరం లేదు, నాకు పశ్చాత్తాపమూ లేదు.

(సంతకం) జాయిస్

సాక్షి: (సంతకం) స్తెఫను. రంగులో లేను, అందుకే సొంత పేరు రాశాను.

సంతకం కింద ఇంకేమీ రాయకూడదని ఎస్సైగారు అంటున్నారు. రాస్తున్నాను. దీని నకలు మా ప్రెస్సులో అచ్చు వేసి జగ్గయ్యపేట బస్టాండు నుంచి నందిగామ బస్టాండు దాకా పంచుతాను. వచ్చే ఆదివారం మా తాత మళ్ళీ రంగు వేసుకుని ఈ స్టేషను ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆయన పద్యం విన్నవాళ్ళు, విన్నవాళ్ళ పిల్లలు, అందరూ రావాలి. సతీష్‌బాబు కూడా రావచ్చు, ఈసారి కారు తొందరగా తిప్పకుండా. రంగు నేను తుడుస్తాను, పేరు మాత్రం అందరూ కలిసి పిలవాలి. ఆదివారం, తెల్లవారి ఆరు గంటలకు, నందిగామ పోలీసుస్టేషను ఎదుట. నూనె నేను తెస్తాను. గొంతులు మీరు తెచ్చుకోండి.