పొద్దున్న చేతుల్ని నమ్మే గది

అధ్యక్షులు సూపరింటెండెంటుగారికి, నాకు వైద్యం నేర్పి ఇవాళ చేతికర్రతో మెట్లెక్కి వచ్చిన మా గురువుగారికి, తోటి డాక్టర్లకి, నర్సులకి, మొదటి వరసలో కూర్చుని "త్వరగా ముగించు" అని అప్పుడే సైగ చేస్తున్న మా వదినకి నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి అందరూ నన్ను ఆకాశానికెత్తేస్తున్నారు. ఇందులో సగం నిజమైనా నేను డాక్టరుగా కాదు, దేవతగా రిటైరవ్వాలి. సూపరింటెండెంటుగారూ, నిరుడు రోగులకి కొత్త కుర్చీలడిగినప్పుడు తమరన్న మాటలు మాత్రం వేరే. (నవ్వులు) పోనివ్వండి, ఇవాళ అన్నీ మాఫీ.

కీళ్ళవాతం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నాకు తోచదు. మన ఒంట్లో కాపలా కణాలున్నాయి. అవి ఒకదానికొకటి కబుర్లు పంపుకోవడానికి వాడే పదార్థాలే సైటోకైన్లు. క్రిమి చొరబడినప్పుడు ఆ కబురే మనల్ని కాపాడుతుంది. ఈ జబ్బులో మాత్రం కంచే చేను మేస్తుంది. శత్రువు లేకపోయినా కబుర్లాగవు, టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్ కేకేస్తే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఇంకోటి అందుకుంటుంది, గోరంత వాపు కొండంతవుతుంది, చివరికి కీలు దగ్గర ఎముకనే తినేస్తుంది. పైగా ఆ ఆరో నంబరుది అదో రకం బుద్ధి. తెల్లవారుజామున చెలరేగి, పొద్దెక్కేకొద్దీ చల్లబడుతుంది. అందుకే ఈ రోగుల వేళ్ళు నిద్రలేచేసరికి కొయ్యబారిపోయి, మధ్యాహ్నానికి కాస్త స్వాధీనంలోకి వస్తాయి.

ఈ సంగతి పుస్తకాల్లో చదవకముందే మా వంటింట్లో చూశాను. అన్నయ్య పెళ్ళయిన కొత్తల్లో వదిన పొద్దున్నే కుళాయి తిప్పలేక రెండు మణికట్లూ ఆనించి తిప్పేది. మా అమ్మ ఊరుకునే రకం కాదు. "పని చెబితే బిగుసుకునే వేళ్ళు భోజనానికి కూర్చోగానే ఎలా విచ్చుకుంటాయమ్మాయ్?" అనేది. అన్నయ్య ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు. వంతు వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. డాక్టరు గుప్పిట మూయించి, తెరిపించి, "బాగానే ఉన్నాయిగా, ఊరికే బెంగ పెట్టుకోకు" అని పంపేసేవాడు. ఆ బాగానే ఉన్న వేళ్ళు కొన్నేళ్ళకి వంకర తిరిగిపోయాయి. సైటోకైన్లని అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాక వాపు తగ్గింది, నొప్పి తగ్గింది. వంకర పోలేదు. ఆ విషయంలో నాకిప్పటికీ కోపమే.

అందుకే మన ఓపీని తెల్లవారగానే తెరిపించాను. మీరంతా నన్ను ఎంత తిట్టుకున్నారో నాకు తెలుసు. అందర్నీ ఫోన్లు చేసి లేపీ లేపీ మన హెడ్ నర్సుకి "అలారం" అని పేరు పడిపోయింది. రోగి రాగానే చొక్కా గుండీ పెట్టుకోమంటాం. పెట్టుకోలేకపోతే, రక్తపరీక్ష ఇంకా రాకపోయినా, ముందు ఆ చేతుల్ని నమ్ముతాం.

ఇక అసలు మాట. నేనటు వెళ్ళగానే మన ఓపీని కూడా మిగతావాటిలాగే మధ్యాహ్నానికి మారుస్తారట. "అంత పొద్దున్నే వచ్చే డాక్టరెవరండీ?" అని సూపరింటెండెంటుగారు నిన్న నన్నే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా తర్వాత ఆ గదిలో కూర్చోబోయే మా శిష్యుడికి నిద్రంటే ప్రాణమని ఈ హాల్లో తెలియనివాళ్ళు లేరు. (నవ్వులు) ఏమయ్యా, నలుగురిలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు కాదంటే పొద్దున్నపూట ఆ గది మూతపడుతుంది. లేచి చెప్పు, వెనకవాళ్ళకి కూడా వినబడాలి.

(సభలోంచి: "నేనొస్తాను మేడమ్. మా ఆవిడ కూడా పొద్దున్నే గుండీలు పెట్టుకోలేకపోతోంది. పోయిన నెల నుంచీ.")

నాకు చెప్పలేదేం నాయనా? సరే, రేపు తెల్లవారగానే తీసుకురా. రిటైరైనా రేపొక్కరోజు నేనూ వస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. తొందరగానే వచ్చారు, భయం లేదు. ఇప్పుడు మందులున్నాయి, ఆ వేళ్ళని వంకర తిరగనివ్వం.

సూపరింటెండెంటుగారు తలూపుతున్నారు, అందరూ చూశారు కదా. నాకింకే కోరికా లేదు. మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పొద్దున్నే పనుంది, సెలవు.