విమానం చాటు మాటలు

మా బేసు మీద మీరు రాసుకొచ్చింది ఇదేం చరిత్ర బాబూ, ఇరవై పేజీల్లో పద్దెనిమిది రిబ్బన్లు కత్తిరించడమే. ఒకాయన కత్తెర పట్టుకున్నాడు, ఇంకొకాయన పళ్ళెం పట్టుకున్నాడు. రన్‌వే వేశారు, షెడ్డు కట్టారు, పెద్దాయన వచ్చారు, వెళ్ళారు. ఈ విమానాల బేసు క్వార్టర్సులో నాలుగొందల కాపురాలు నడిచాయని ఒక్క ముక్కైనా ఉందా?

కూర్చోండి. మిమ్మల్ని సార్ అనాలో బాబూ అనాలో తేలడం లేదు. వయసు చూస్తే బాబు, భుజాల మీద పట్టీలు చూస్తే సారు. బాబే అనేస్తాను, ఏమనుకోకండి.

మా ఆయన బజారుకెళ్ళారు. షెడ్డులో విమానాల ఇంజన్లు బాగుచేసింది ఆయనే, ఆ సంగతులు ఆయనొచ్చాక అడుగుదురుగాని. అందాకా నన్ను భరించాలి మరి.

రాసుకోండి. ఇక్కడ మాట్లాడే పద్ధతి ఒకటుంది. విమానం నెత్తి మీదకొస్తే మాట ఆపాలి. పోయాక, ఆపిన చోటునుంచే అందుకోవాలి. 'మా ఆడపడుచు ఎలాంటిదంటే' అని పక్కింటావిడ ఆగితే, అందరం కూరగాయలు తరుగుతూ కూర్చునేవాళ్ళం. మోత పోయాక 'నంగనాచి' అని పూర్తిచేసేది. ఏంటన్నావని అడిగే పనే లేదు. బళ్ళో పిల్లలైతే ఎక్కం మధ్యలో నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయేవాళ్ళు. నేనా బళ్ళోనే చిన్న తరగతికి చెప్పేదాన్ని లెండి, ఇరవైరెండేళ్ళు.

నేను మాత్రం ఇంట్లో మాట ఆపేదాన్ని కాదు. అదీ నా తెలివి. సాయంత్రం ఐదున్నరకి రెండు విమానాలు జంటగా దిగేవి. ఆయన డ్యూటీ దిగి టీ గ్లాసు పట్టుకుని కూర్చునే వేళ. ఆయన మీద కోపమొస్తే ఆ జంట కోసం కాచుకునేదాన్ని. అవి రాగానే నవ్వుమొహం పెట్టుకుని, మా అత్తగారితో మొదలెట్టి ఆయన ఏడు తరాలనీ కడిగేసేదాన్ని. మోత పోగానే 'ఇంకాస్త టీ పొయ్యనా' అనేదాన్ని. కడుపులోది కక్కేసినట్టూ ఉండేది, కాపురమూ నిలబడేది. ఇరవైతొమ్మిదేళ్ళు అలాగే నెట్టుకొచ్చాను.

పోయిన నెల బేసు మూసేసి ఆఖరి విమానం వెళ్ళిపోయాక వీడ్కోలు సభ పెట్టారు కదా. బేసు పెద్దాఫీసరు మాట్లాడుతుంటే మైకు చచ్చిపోయింది. ఆయన ఉపన్యాసం ఎవరికీ వినబళ్ళేదు, పెద్ద నష్టమేం లేదు. కాని వెనక వరసలో పాత మెకానిక్కులు ఆరుగురూ ఒక్కసారే నవ్వారు. వాళ్ళలో మా ఆయన ఒకరు. ఆయనకా, ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం.

ఇంటికొచ్చి అడిగాను, మీకేం వినబడి నవ్వారండీ అని.

'వినడమేంటే? ఇంజను పక్కన ఎవడి చెవులు పనిచేస్తాయి? షెడ్డులో గొంతు వాడం. పెదాలు కదుపుతాం, పెదాలు చూస్తాం. చేరిన ఏడాదిలోనే వచ్చేస్తుంది' అన్నారు.

ఏడాదిలోనే అట. మా పెళ్ళినాటికే ఆయన చేరి మూడేళ్ళు. నా ప్రాణం ఎక్కడికి పోయిందో మీరే ఊహించుకోండి. చెవులు పోయాక కూడా నా మాట అందుతోందంటే, నా గొంతు గట్టిదని గర్వపడ్డాను చూడండి.

పోనీండి, తిట్లు కాదు నా బాధ. మా అత్తగారికీ తెలుసు నేనేమనుకునేదాన్నో.

పెళ్ళయిన ఏడో ఏట ఆయనకో ఉత్తరం వచ్చింది. వేరే ఊళ్ళో మెకానిక్కుల శిక్షణ బడి, అక్కడ మాస్టారు పోస్టు. మోత లేని చోటు. రెండేళ్ళు దానికోసం ఎదురుచూశారు. నెలలోగా ఒప్పుకుంటూ జవాబు రాయాలి. పోస్టుమాన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నాకప్పుడే బళ్ళో ఉద్యోగమొచ్చి నాలుగు నెలలు. నాకంటూ ఒక కుర్చీ, ఒక బల్ల, టీచరమ్మా అని పిలిచే ముప్పైమంది పిల్లలు. వదులుకోబుద్ధి కాలేదు బాబూ. ఉత్తరం పిండి డబ్బా అడుగున పెట్టేశాను.

గడువు దాటిన రోజు ఉండబట్టలేక, ఐదున్నర జంట రాగానే చెప్పేశాను. 'ఉత్తరం వచ్చింది, నేనే దాచాను' అని, ఆయన మొహంలోకి చూసి మరీ. మోత పోయింది. ఆయన గ్లాసు చాపారు, 'ఇంకాస్త పొయ్యి' అన్నారు. నేనడక్కముందే. ఇన్నేళ్ళలో ఆ ఒక్కరోజే అలా అడిగారు. నాకప్పుడు తట్టలేదు.

చెవులు పోయింది ఇంజన్ల మోత వల్లేనని డాక్టరన్నాడు. నావల్లేనని నాకు తెలుసు. ఆయనకీ తెలుసునని పోయిన నెలే తెలిసింది.

తెలిసీ ఎందుకూరుకున్నారని నెల నుంచీ ఆయన్ని అడుగుదామని చూస్తున్నాను. మోత చాటు లేకుండా ఆ మాట అనడం నాకు చేతకావడం లేదు. నిన్న పొయ్యి వైపు తిరిగి గోడకి చెప్పుకున్నాను, క్షమించమని. వెనకాల ఆయన పేపరు తిప్పుకుంటున్నారు. నా వీపుని ఆయనేం చదువుతారు?

ఇదంతా పుస్తకంలో ఎక్కించేరు, జాగ్రత్త. ఏదో మీ మొహం చూస్తూ...

ఉండండి, వెనక్కి తిరగకండి. కిటికీ అవతల ఆయనే. సంచీ కింద పెట్టేసి మరీ నిలబడ్డారు. ఎంతసేపయిందో. నా మొహం మొదట్నుంచీ అటే ఉంది.

ఏదో అంటున్నారు. గొంతు లేదు, షెడ్డు పద్ధతి, పెదాలే కదుపుతున్నారు. ఇన్నేళ్ళూ ఆయన నా పెదాలు చూశారు. నేనేనాడూ ఆయన పెదాల వంక చూడలేదు, ఆ విద్య నాకు రాదు.

సరే, తిరగండి. మీకేమైనా అర్థమైందా బాబూ? కాలేదా. అయితే వెళ్ళి తలుపు తియ్యండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా చెప్పమంటాను. ఇప్పుడు విమానమేం అడ్డం రాదుగా.