హనుమాండ్లు చెప్పిన అరబ్బీ

ఏంది, మన కాలనీల సినిమాలు ఆడిచ్చిండ్రా అని అడుగుతున్నవా? ఆడిచ్చినం అలేఖ్యా, ఎందుకాడియ్యలే. టికెట్ లేదు, గేటు లేదు. గా కమ్యూనిటీ హాల్ ఎనక గోడ లేదా, ఇప్పుడు బండ్లు పెడ్తరు సూడు, గదే తెర. సున్నమేసినం. అప్పటికి ఈడ మెట్రో పిల్లర్లు గూడ లేవు. చైతన్యపురి హాస్టళ్ళల్ల ఉండే పిలగాండ్లు సినిమా మిషిన్ తెచ్చేది, ఆదివారం పొద్దుగూకంగనే ఏసేది. అన్నీ అరబ్బు దేశాల కొట్లాటలే. పాలస్తీనా, అల్జీరియా, గసోంటియి. హీరో లేడు, పాట లేదు, అయినా రెండొందల మంది కూసునేది. హనుమాండ్లు తెలుగుల చెప్తుండె మరి.

హనుమాండ్లు అంటే, నీకు తెల్వదులే, ఆయన పోయి పదహారేండ్లాయె. పోచంపల్లిల మగ్గం నేసిన మనిషి. కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌ల చీరల దుకాణం పెడితే ముసలితనంల ఈడికొచ్చిండు. నిజాం కాలంల నాలుగో తరగతి దాక ఉర్దూ బడిల సదివిండు. మొదటి ఆదివారం గోడ మీద అరబ్బీ అక్షరాలు పడంగనే గడగడ సదివేసరికి, తాతకు అరబ్బీ ఒస్తదిరా అని పిలగాండ్లు మైకు చేతిల పెట్టిండ్రు. అరే, ఉర్దూది దానిది లిపి ఒక్కటే అయితే భాష ఒస్తదా? మరి ఈయనన్న రాదు అనాలె గదా. అన్లే. బొమ్మను సూసుకుంట చెప్పుడే. గీ బక్కోడు పట్వారీ, గీ జీపుల దిగినోళ్ళు దొర మనుషులు, గవి నేరేడు చెట్లు, గీ ముసలామె మామ పెట్టినయి అని. జనం ఏడ్సిండ్రు, దొరను తిట్టిండ్రు. కూరగాయలమ్మే ఆడోళ్ళు, ఆటో నడిపేటోళ్ళు, అందరు.

నాకు మండేది. ఎందుకంటే నాకు అరబ్బీ ఒస్తది. పదకొండేండ్లు కువైట్‌ల ఒక షేక్ ఇంట్ల డ్రైవర్‌ను. పాస్‌పోర్టు గుంజుకున్నడు, నాయిన సచ్చిపోతే గూడ పంపలే. పదకొండేండ్లు ఆ భాషల నేనిన్నది ఏంది, రా, పో, బండి తియ్యి, గాడిదా. గంతే. దాన్ని మళ్ళ ఎవడన్న ఇనిపిస్తే రెండు చెవులు మూసుకునేటోన్ని. గది మా అసోసియేషన్ ప్రెసిడెంటు గంగాధరరావుకు తెలుసు. కోస్తా మనిషి, మంచోడే, భయస్థుడు. కరెంటు తీసేద్దామంటే ఇంటింటికెల్లి ఒకలు ఆడ కూసుంటుండిరి, తియ్యలేకపాయె. నా దగ్గరికొచ్చిండు. "ఉపేందర్ గారూ, మనకెందుకండీ ఎక్కడో అరబ్బుల గొడవ? రేపు పోలీసులొస్తే నేను చెప్పుకోవాలి. ఆ పెద్దాయన చెప్పేదంతా కల్పితమని నలుగురి ముందు ఒక్క మాటనండి, చాలు. ఇంకెవరూ రారు." నేను సంబరంగ ఒప్పుకున్న. అబద్ధమెందుకు, ఆ ముసలాయన ఇజ్జత్ తీయాలనే పోయిన.

మళ్ళ ఆదివారం గోడ మీద ఒక ముసలామె. ఎదురుంగ బుల్డోజర్, కాయితం పట్టుకున్న ఆఫీసరు. హనుమాండ్లు మైకుల, అయ్యా బాంచెన్, ఒక్క ఏడాది ఆగుమని బతిమాలుతున్నది అన్నడు. నేను లేసి నిలబడ్డ. అబద్ధం, గవి నేరేడు చెట్లు కావు జైతూన్, ఆలివ్ చెట్లు, ఆమె బతిమాలుతలేదు, ఈయనకు అరబ్బీ రాదు అని మొత్తుకున్న. గంగాధరరావు అందుకున్నడు, చూశారా చూశారా, కట్టేయండి అనుకుంట స్విచ్చు దిక్కు పోయిండు. ఆడ హనుమాండ్లు భార్య వజ్రమ్మ కుర్చీ జరుపుకొని స్విచ్చుకు అడ్డంగ కూసున్నది. గంగాధరరావు ఆడమనిషిని జరపలేక నిలబడిండు.

హనుమాండ్లు నా దగ్గరికొచ్చిండు. "నిజమే బిడ్డా. నాకు అక్షరాలొస్తయి, మాట రాదు. తప్పయింది. నీకొస్తది గదా, నువ్వు చెప్పు" అని మైకు నా చేతిల పెట్టి, పోయి అందరిల కింద కూసున్నడు.

రెండొందల మంది నా దిక్కే సూస్తున్నరు. ఏం జెయ్యాలె? చెప్పిన. ఆమె ఆ ఆఫీసరును నిలదీస్తున్నదమ్మా. నువ్వు ఒక్క మొక్కకన్న నీళ్ళు పోసినవా, నీ అవ్వ నీకు గీ కాయితం సదువుడు నేర్పింది గాని సిగ్గు నేర్పలేదా అంటున్నది. ఆ భాషల ఎదిరిచ్చి మాట్లాడుడు నేను పదకొండేండ్లల్ల ఎన్నడినలే. నేను గూడ గట్లనొచ్చని నాకు తెల్వనే తెల్వదు. చెప్పుకుంట పోతున్న, గొంతు పెరుగుతున్నది. తర్వాత ఆమె బుల్డోజర్ ముంగట బాసింపట్టేసుకొని కూసున్నది. ఒక్క మాటన్నది. నాకు అర్థమయింది, గొంతులకెల్లి బయటికి రాలే. నాయిన యాదికొచ్చిండు, పాస్‌పోర్టు యాదికొచ్చింది. జనమంత ఆగి సూస్తున్నరు. అప్పుడు కిందికెల్లి హనుమాండ్లు, మెల్లగ, "ఏమంటున్నది బిడ్డా, పోనంటున్నదా?" అన్నడు.

గదే అలేఖ్యా. గా మాటనే అన్నది ఆమె.

కుర్చీ జర అటు జరుపు, ఎండ మీదికొస్తున్నది.